గాలిని బయటికి పంపిన కొలిమి

తెగిన గొలుసు చేతికిస్తే కంసాలి ముందుగా తెగిన చోట గీకి తళతళలాడేలా చేస్తాడు. రెండు కొసలూ ఆనించి, రాతి మీద నీళ్ళతో అరగదీసిన వెలిగారం పూసి, నువ్వుగింజంత టంకం ముక్క పెడతాడు. ఆ తర్వాత ఊదుగొట్టం అందుకుంటాడు. మంట అతుకు చుట్టూ తిరుగుతుంది. వెలిగారం మొదట పొంగి తెల్లటి నురగవుతుంది, ఆపైన కరిగి గాజులా మెరుస్తుంది. ఉన్నట్టుండి టంకం ముక్క తన ఆకారం వదిలేసి సందులోకి జారిపోతుంది. ఆ క్షణం దాటాక ఇంకాస్త ఊదితే గొలుసే కరిగిపోతుంది. కంసాలి అనుభవమంతా ఆ ఒక్క క్షణాన్ని కనిపెట్టడంలో ఉంటుంది.

వెలిగారం ఎందుకు? లోహం వేడెక్కితే గాలిలోని ఆక్సిజన్ దాని మీద పొర కడుతుంది. బంగారం తుప్పు పట్టదు కదా అనిపించవచ్చు. నిజమే, కానీ నగలో కలిపిన రాగి పడుతుంది. ఆ పొర కంటికి ఆననంత పలుచగా ఉన్నా సరే, కరిగిన టంకం దాని మీద పరుచుకోదు. బొట్టులా నిలిచి దొర్లిపోతుంది. పొర లేకపోతే అదే టంకం వెంట్రుక పట్టని సందులోకి తనంతట తానే పాకుతుంది. అవసరమైతే కింది నుంచి పైకి కూడా ఎక్కుతుంది. అతికే లోహాలు కరగవు, మధ్యలో పోసిన లోహమే కరుగుతుంది. ఫ్యాక్టరీ భాషలో దీన్ని బ్రేజింగ్ అంటారు. కరిగే లోహానికి 450 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి కావాలి. అంతకు తక్కువలో కరిగే తగరం లాంటిదైతే సోల్డరింగ్. రెండు లోహాలనీ కరిగించి కలిపేస్తే వెల్డింగ్.

నన్నడిగితే ఈ విద్య చరిత్రంతా ఆ పలుచని పొరతో మనిషి చేసిన పోరాటమే. వేల ఏళ్ళపాటు ఏదో ఒక మందు పూసి దాన్ని కరిగించాడు. సుమారు వందేళ్ళ కిందట మాత్రం పొరకు మూలమైన గాలినే కొలిమిలోంచి బయటికి పంపేశాడు. ఈ రెండో ఆలోచన ఎంత పెద్దదో మా ప్రాంతంలో ఉన్నవాళ్ళకి చూపించడం సులువు. మా పాండూరు తిరువళ్ళూరుకీ తిరుత్తణికీ నడుమ రోడ్డు మీది ఊరు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మార్పుల్లో చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది. ఈ చుట్టుపక్కల ఇళ్ళలో తెలుగు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇక్కడినుంచి తూర్పుకి రైలెక్కితే ఆవడి, అంబత్తూరు ఫ్యాక్టరీలు. దక్షిణాన శ్రీపెరుంబుదూరు కార్లు. ఉత్తరాన శ్రీసిటీలో ఏసీలు. ఈశాన్యంలో శ్రీహరికోట. గీత గీసి కొలిస్తే అన్నీ వంద కిలోమీటర్ల లోపే. వీటన్నిటి లోపలా బజారు కంసాలి చేసే పనే ఉంది, గాలి లేని చోట.

వెలిగారం మనదేశానికి హిమాలయాల అవతలి నుంచి వచ్చేది. టిబెట్ ఉప్పు సరస్సుల ఒడ్డున, లడఖ్‌లోని పుగా లోయలో అది దొరుకుతుంది. గొర్రెల, మేకల వీపుల మీద చిన్న చిన్న సంచుల్లో కొండలు దాటించి మైదానానికి దింపేవారు. ఐరోపా కంసాలులకు కూడా చాలాకాలం ఈ సరుకే దిక్కు. 1880లలో కాలిఫోర్నియా ఎడారుల్లో పెద్ద ఎత్తున తవ్వకం మొదలయ్యాక అది చవకైంది. వెలిగారం 743 డిగ్రీల దగ్గర కరిగి, లోహం మీది ఆక్సైడు పొరను తనలో కరిగించుకుంటుంది, కొత్త పొర కట్టకుండా మూతలా కప్పుతుంది. పని అయ్యాక అతుకు చుట్టూ గాజులా గట్టిపడిపోతుంది, దాన్ని చింతపండు పులుసులోనో ఆమ్లంలోనో ఉడికించి వదిలించాలి. ఈ చివరి మాట గుర్తుంచుకోదగ్గది. మందు పూసిన ప్రతి అతుకునీ తర్వాత కడగాలి.

వెలిగారం లేని రోజుల్లో ఏం చేశారు? ఇరాక్‌లోని ఉర్ నగరంలో నాలుగున్నర వేల ఏళ్ళ నాటి రాజ సమాధుల్ని లియొనార్డ్ వూలీ 1920లలో తవ్వినప్పుడు బంగారు నగలు బయటపడ్డాయి. వాటి మీద గసగసాల్లాంటి బంగారు పూసలు అతికించి ఉన్నాయి. టంకం వేస్తే పూసల మధ్య సందులు పూడుకుపోవాలి, కానీ పూడలేదు. అంత సన్నటి పని ఎలా చేశారో ఇంగ్లండులో హెచ్.ఎ.పి. లిటిల్‌డేల్ 1930లలో చేసి చూపించాడు. రాగి లవణం పొడిని జిగురుతో కలిపి పూసను అంటించి వేడిచేశాడు. జిగురు మాడి బొగ్గయింది. ఆ బొగ్గు రాగి సమ్మేళనంలోని ఆక్సిజన్‌ను లాక్కుంది. మిగిలిన పిసరంత రాగి బంగారంతో కలిసి, బంగారం కరిగే వేడికి చాలా ముందే కరిగి, పూసను పట్టుకుంది. ఆక్సిజన్‌ను అడ్డుకోవడం ఒక దారి, దాన్ని లాగేయడం ఇంకో దారి అని తెలియకుండానే ఆ పాత కంసాలులు రెండో దారిలో నడిచారు. మన కంసాలి బొగ్గు మీద పెట్టి ఊదడంలోనూ అదే ఉంది. కాలే బొగ్గు చుట్టూ ఉన్న గాలిలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. కుంపటి కూడా ఒక మేరకు రక్షణ వాయువు కొలిమే.

నగల దుకాణం బోర్డు మీద కనిపించే కేడీఎం అన్న మాట వెనకా టంకం కథే ఉంది. పాత టంకంలో రాగి, వెండి ఎక్కువ కలిసేవి. అందువల్ల నగ కరిగిస్తే బంగారం మాటు, అంటే స్వచ్ఛత, తగ్గేది. దానికి బదులు తొంభై రెండు పాళ్ళ బంగారంలో ఎనిమిది పాళ్ళ కాడ్మియం కలిపి టంకం చేస్తే మాటు తగ్గదు. కాడ్మియం 321 డిగ్రీలకే కరుగుతుంది, 767కి ఆవిరైపోతుంది. కంసాలి ఊదే మంట అంతకంటే వేడి. కాబట్టి ఆ ఆవిరి నేరుగా ఆయన ఊపిరితిత్తుల్లోకి, అక్కడినుంచి మూత్రపిండాల్లోకి పోయింది. కొన్నవాళ్ళకు మేలు చేసిన టంకం చేసినవాళ్ళ ప్రాణం తీసింది. 2021 జూన్ 16 నుంచి హాల్‌మార్కింగ్ తప్పనిసరి అయ్యాక మాటు చెప్పడానికి ఆ మూడక్షరాల అవసరం లేదు, అయినా బోర్డుల మీద అవి చెరగలేదు. కొలిమి కథలో కాడ్మియం మళ్ళీ వస్తుంది.

ఇక సైకిలు. 1949లో మురుగప్పవాళ్ళు బర్మింగ్‌హామ్ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తో కలిసి టీఐ సైకిల్స్ పెట్టారు. అంబత్తూరులో హెర్క్యులిస్, బీఎస్ఏ సైకిళ్ళు తయారయ్యాయి. మన తాతల సైకిలు ఫ్రేమును దగ్గరగా చూస్తే గొట్టాలు కలిసే ప్రతిచోటా చెక్కినట్టుండే ఉక్కు తొడుగు కనిపిస్తుంది. సైకిల్ షాపువాళ్ళు దాన్ని లగ్గు అంటారు. గొట్టాన్ని లగ్గులోకి దూర్చి, కరిగిన ఇత్తడిని ఆ సందులోకి పారించి అతికిస్తారు. బియ్యం బస్తా వేసుకుని మట్టిరోడ్ల మీద నలభై ఏళ్ళు తిరిగిన సైకిలు ఫ్రేములో ఆ ఇత్తడి పొర మందం కాగితమంత. ఈ రకం అతుకు బలం సందు ఎంత సన్నగా ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. సందు పెరిగితే కరిగిన లోహం అందులో నిలవదు, నిలిచినా మెత్తబడుతుంది. సందు సన్నదైతే రెండు వైపులా ఉన్న ఉక్కు మధ్యలోని మెత్తటి లోహాన్ని సాగనివ్వదు. అందుకే అతుకు ఆ లోహం సొంత బలం కంటే ఎక్కువ బరువు మోస్తుంది.

మంట పెట్టి అతికే పద్ధతిలో చిక్కంతా లెక్కలో వచ్చింది. రోజుకి పది అతుకులైతే నేర్పున్న మనిషి చాలు. పది వేలు కావాలంటే? ప్రతి అతుకుకీ ఒక చెయ్యి, ఒక కన్ను, ఒక మందు, ఒక కడుగుడు కావాలి. ఎక్కడో ఒకచోట చెయ్యి తడబడుతుంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి పాదంలో అమెరికా ఫ్యాక్టరీలకు ఎదురైన ప్రశ్న ఇదే.

జవాబు విద్యుత్ దీపం దగ్గర మొదలైంది. జనరల్ ఎలక్ట్రిక్‌లో విలియం కూలిడ్జ్ 1910 నాటికి పెళుసు టంగ్‌స్టన్‌ను సాగే తీగగా మార్చాడు. టంగ్‌స్టన్ పొడిని ఆక్సైడు నుంచి విడదీయాలన్నా, దాన్ని కడ్డీగా కాల్చాలన్నా గాలి తగలకూడదు. అందుకు హైడ్రోజన్ నింపిన కొలిములు వాడారు. హైడ్రోజన్ ఆక్సిజన్‌ను వదలదు. వేడి ఇనుము మీద తుప్పు పొర ఉంటే అందులోని ఆక్సిజన్‌ను పట్టుకుని నీటి ఆవిరై పోతుంది, మెరిసే ఇనుము మిగులుతుంది. అలాంటి కొలిమిలో రెండు ఉక్కు భాగాలను గట్టిగా బిగించి, పక్కన ఒక చుట్ట రాగి తీగ పెట్టి 1100 డిగ్రీలు దాటిస్తే రాగి 1085 దగ్గర కరిగి, నీళ్ళకంటే చురుగ్గా సందులోకి పరిగెడుతుంది. వెలిగారం అక్కర్లేదు. కడగాల్సిన పని లేదు. నగ చేసేటప్పుడు కంసాలి కన్ను కనిపెట్టే క్షణాన్ని ఇక్కడ ఎవరూ కనిపెట్టాల్సిన పని కూడా లేదు. కొలిమి అంతా ఒకే వేడిలో ఉంటుంది, ఉక్కు కరగడానికి ఇంకా నాలుగైదు వందల డిగ్రీలు దూరం ఉంది. వెయ్యి భాగాలు పెడితే వెయ్యీ ఒక్కసారే అతుకుతాయి.

ఈ పద్ధతికి జనం ఇళ్ళలో చోటు ఇచ్చింది ఫ్రిజ్. 1927లో జనరల్ ఎలక్ట్రిక్ అమ్మకానికి తెచ్చిన మానిటర్ టాప్ నెత్తిన గుండ్రటి యంత్రం మోసుకుంటూ ఉండేది. దాని రూపకర్త డెన్మార్క్ నుంచి వలస వచ్చిన క్రిస్టియన్ స్టీన్‌స్ట్రప్. అందులో తిరిగేది సల్ఫర్ డైఆక్సైడ్. పిసరు కారినా ఇల్లంతా ఘాటెక్కి, ఊపిరాడదు. వంటింట్లో పెట్టే వస్తువులో మర మీద బిగించిన కీళ్ళు, తోలు సీళ్ళు పనికిరావు. అన్నీ మూసేసి, ఏళ్ళ తరబడి ఎవరూ విప్పకుండా ఉండాలి. హైడ్రోజన్ కొలిమిలో రాగితో పడిన అతుకు ఆ నమ్మకం ఇచ్చింది. నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. తిండి పాడవకుండా చూసే పెట్టె పుట్టాలంటే గొలుసు అతికే విద్య ఎక్కడికి ఎదగాలో ఇది చూపిస్తుంది.

అదే కాలంలో డెట్రాయిట్‌లో హ్యారీ బండీ ఇంకో ఉపాయం చేశాడు. 1922లో బండీ ట్యూబింగ్ కంపెనీ మొదలైంది. రాగి పూత వేసిన ఉక్కు పట్టీని సన్నటి గొట్టంలా రెండు చుట్లు చుట్టి కొలిమిలోంచి పంపుతారు. పూతలోని రాగి కరిగి చుట్ల మధ్య అంతటా అతుక్కుంటుంది. గొట్టం మొత్తం ఒకే అతుకు. వంచినా పగలదు, ఒత్తిడికి చీలదు. పెట్రోలు గొట్టాలుగా, ఆ తర్వాత బ్రేకు నూనె గొట్టాలుగా అవి ప్రపంచమంతా పాకాయి. మన కారు బ్రేకు తొక్కినప్పుడు చక్రం దాకా వెళ్ళే ఒత్తిడి చాలా బళ్ళలో ఇలాంటి గొట్టంలోంచే పోతుంది.

అంబత్తూరు పారిశ్రామిక వాడ 1964లో మొదలైంది. మా వైపు నుంచి పొద్దున్నే లోకల్ రైళ్ళెక్కి అక్కడికి పోయేవాళ్ళు రెండు మూడు తరాలుగా ఉన్నారు. అలాంటి వాడల్లో జాలీ పట్టీ కొలిమి చూడదగ్గ వస్తువు. పొడుగ్గా, గది దాటి గదిలోకి సాగినట్టు ఉంటుంది. ఉక్కు తీగలతో అల్లిన జాలీ పట్టీ ఒక మూతిలోంచి లోపలికి, ఇంకో మూతిలోంచి బయటికి నిదానంగా కదులుతూ ఉంటుంది. మూతి దగ్గర చిన్న మంట ఆరకుండా ఎగురుతూనే ఉంటుంది. కొలిమిలోంచి బయటికి వచ్చే హైడ్రోజన్‌ను అక్కడికక్కడే కాల్చేయడానికి ఆ మంట. గాలిలో హైడ్రోజన్ నూటికి 4 పాళ్ళ నుంచి 75 పాళ్ళ వరకు ఎంతున్నా నిప్పు తగిలితే పేలుతుంది. అందుకే చల్లటి కొలిమిలోకి దాన్ని ఎన్నడూ వదలరు. ముందు నైట్రోజన్‌తో గాలిని తోసేసి, వేడెక్కాక, లోపలికి వెళ్ళిన హైడ్రోజన్ తనంతట తానే అంటుకునే వేడి దాటాకే వాల్వు తిప్పుతారు.

పట్టీ ముందు కూర్చున్న అమ్మాయి డీజిలు గొట్టం చివరన ఉక్కు నిప్పిల్ దూర్చి, సిరంజితో రాగి పేస్టును దాని చుట్టూ సన్నటి ఉంగరంలా పెట్టి, పట్టీ మీద వరుసగా నిలబెడుతుంది. మంట తెర దాటి ఆ వరుస ఎర్రటి వెలుగులోకి మాయమవుతుంది. లోపల వేడి గది తర్వాత అంతకంటే పొడుగైన చల్లార్చే గది ఉంటుంది, చుట్టూ నీళ్ళు తిరిగే గోడలు. అక్కడా అదే వాయువు. వేడిగా ఉండగా గాలి తగిలితే చేసిందంతా వృథా. అవతలి మూతిలోంచి వచ్చిన గొట్టం వెండిలా ఉంటుంది. కొలిమిలోకి వెళ్ళేటప్పుడు దాని మీదున్న నల్లటి మచ్చలు కూడా పోతాయి. రాగి ఉంగరం కనిపించదు. అది సందులోకి పోయి, నిప్పిల్ అవతలి అంచున సన్నటి ఎర్ర గీతగా తేలుతుంది. ఆ గీత చుట్టూ తెగకుండా ఉంటే అతుకు నిండినట్టు లెక్క. ఆ తర్వాత గాలి నింపి నీళ్ళ తొట్టిలో ముంచి బుడగ వస్తుందేమో చూస్తారు.

కొలిమి నడిపే మనిషి దృష్టంతా డ్యూ పాయింట్ మీటరు మీద ఉంటుంది. లోపలి వాయువులో ఎంత తేమ ఉందో అది చెబుతుంది. హైడ్రోజన్ ఆక్సిజన్‌ను లాక్కుని నీటి ఆవిరవుతుందని చెప్పాను కదా. ఆ ఆవిరి మితిమీరితే అదే వెనక్కి తిరిగి లోహాన్ని తుప్పు పట్టిస్తుంది. మామూలు ఉక్కు కొంత తేమను ఓర్చుకుంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఓర్చుకోదు. అందులోని క్రోమియం ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. దానికి మైనస్ 40 డిగ్రీల కంటే కింద డ్యూ పాయింట్ ఉండాలి. వానాకాలం గాలితో నిండిన షెడ్డులో, కొలిమి లోపల మాత్రం ఎడారి కంటే పొడిగా ఉంచడం ఆ మనిషి చేసే పని. హైడ్రోజన్ సిలిండర్లు ఖరీదు. అందుకని చాలాచోట్ల అమ్మోనియాను నికెల్ సమక్షంలో వేడిచేసి విడగొడతారు. మూడు పాళ్ళ హైడ్రోజన్, ఒక పాలు నైట్రోజన్ వస్తుంది. గ్యాసును కొద్దిపాటి గాలితో కాల్చి తీసిన వాయువు ఇంకా చవక. ఏ లోహానికి ఏది సరిపోతుందన్నది తెలుసుకోవడానికే దశాబ్దాలు పట్టాయి. కొద్దిగా ఆక్సిజన్ కలిసి ఉండే మామూలు విద్యుత్ తీగ రాగిని హైడ్రోజన్‌లో వేడిచేస్తే లోపలే ఆవిరి పుట్టి రాగి పగుళ్ళిస్తుందని కూడా అలాగే తెలిసింది.

వీటన్నిటికీ లొంగని లోహం ఒకటుంది, అల్యూమినియం. అది 660 డిగ్రీలకు కరుగుతుంది, దాని మీద పొర మాత్రం రెండు వేలు దాటితే గానీ కరగదు. ఆ పొరలోని ఆక్సిజన్‌ను హైడ్రోజన్ కూడా లాగలేదు. మొదట్లో క్లోరైడు లవణాలు కరిగించిన తొట్టిలో ముంచి అతికేవారు. అతుకు పడేది. కానీ మూలల్లో మిగిలిన ఉప్పు తేమ పీల్చి, అల్యూమినియాన్ని లోపలి నుంచి తినేసేది. వేడినీళ్ళతో, ఆమ్లాలతో ఎన్నిసార్లు కడిగినా సన్నటి సందుల్లో ఎంతో కొంత మిగిలేది, కడిగిన నీళ్ళు కాలువల్లోకి పోయేవి. 1973 చమురు సంక్షోభం తర్వాత కార్లు తేలిక కావాలి, రాగి ఇత్తడి రేడియేటరు పోయి అల్యూమినియం రావాలి అన్న ఒత్తిడి పెరిగింది. ఉప్పు తొట్టితో లక్షల రేడియేటర్లు చేయడం కుదరని పని.

కెనడా కంపెనీ ఆల్కాన్ పరిశోధకులు 1970లలో ఈ చిక్కు విప్పారు. పొటాషియం, అల్యూమినియం, ఫ్లోరిన్ కలిసిన ఒక తెల్లటి పొడిని వాళ్ళు ఎంచుకున్నారు. అది నీళ్ళలో దాదాపు కరగదు, తుప్పు పట్టించదు, తేమ పీల్చదు. సుమారు 565 డిగ్రీల దగ్గర కరిగి అల్యూమినియం పొరను ఛేదిస్తుంది. పని అయ్యాక అతుకు మీద పలుచగా మిగిలినా హాని లేదు, కడగక్కర్లేదు. దానికి నోకోలాక్ అని పేరు పెట్టారు. అయితే గాలిలో వాడితే పొడి పాడవుతుంది, చాలా ఎక్కువ పూయాల్సి వస్తుంది. నైట్రోజన్ నింపిన కొలిమిలో, ఆక్సిజన్ పది లక్షల పాళ్ళకు వంద లోపు, డ్యూ పాయింట్ మైనస్ 40 లోపు ఉంచితే చదరపు మీటరుకి అయిదు గ్రాముల పొడి చాలు. మందు, గాలి లేని కొలిమి ఇక్కడ కలిసి పనిచేశాయి. రెండూ విడివిడిగా సాధించలేనిది కలిసి సాధించాయి.

ఇంకో తెలివి రేకులో ఉంది. రేడియేటరు రేకు లోపలి పొర మాంగనీసు కలిపిన అల్యూమినియం, పైపొర సిలికాన్ కలిపిన అల్యూమినియం. పైపొర 577 డిగ్రీల నుంచి కరగడం మొదలుపెడుతుంది, లోపలిది 640 దాటే దాకా గట్టిగా నిలుస్తుంది. టంకం విడిగా పెట్టక్కర్లేదు, రేకు చర్మమే టంకం. గొట్టాలు, మడతలు పెట్టిన రెక్కలు, పక్క పళ్ళేలు అన్నీ పేర్చి కట్టి కొలిమిలోకి పంపుతారు. 600 డిగ్రీల చుట్టుపక్కల కొన్ని నిమిషాలు. రెక్క ప్రతి మడత గొట్టాన్ని తాకేచోట అతుకు పడుతుంది. ఒక్క రేడియేటరులో ఇలాంటివి వేలు, అన్నీ ఒకేసారి పడతాయి. కొలిమి వేడికీ లోపలి పొర కరిగే వేడికీ మధ్య నలభై డిగ్రీలే తేడా. చేత్తో మంట పట్టుకున్న మనిషికి ఇది ఎప్పటికీ సాధ్యం కాదు.

1998లో ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ కార్లు బయటికి రావడం మొదలైన దగ్గర్నుంచి శ్రీపెరుంబుదూరు చుట్టూ విడిభాగాల పరిశ్రమ పెరిగింది, తిరువళ్ళూరు జిల్లా పల్లెల్లోకి కంపెనీ బస్సులు వచ్చాయి. సరిహద్దుకు అవతల, తడ దగ్గర శ్రీసిటీలో ఇప్పుడు డైకిన్, బ్లూస్టార్, లాయిడ్ ఏసీల ఫ్యాక్టరీలున్నాయి. ఏసీ అంటే ముఖ్యంగా అతుకులే. వంపులు తిరిగిన గొట్టాల్ని కలిపే ప్రతి కొసా కారకుండా ఉండాలి.

గాలిని తీసేసి వేరే వాయువు నింపడం ఒక పద్ధతి. ఏమీ నింపకుండా ఖాళీగా వదిలేయడం ఇంకొకటి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జెట్ ఇంజన్లకీ, అణు పరిశ్రమకీ, ఆ వెనక రాకెట్లకీ శూన్య కొలిములు వచ్చాయి. కాడ్మియం ఇక్కడ మళ్ళీ ఎదురవుతుంది. శూన్యంలో లోహాలు ఇంకా సులువుగా ఆవిరవుతాయి, కాడ్మియం, జింకు ఉన్న టంకాలు కొలిమి గోడలన్నిటికీ అంటుకుంటాయి. అందుకే శూన్య కొలిమిలో వాటికి ప్రవేశం లేదు. కొలిమిని కాపాడటానికి పరిశ్రమ పెట్టుకున్న నియమం బజారులో ఊదే మనిషిని కాపాడటానికి ఎప్పుడో రావాల్సింది.

ఈ విద్యను వద్దనుకున్న చోటూ తెలుగునేల మీదే ఉంది. 1971లో హైదరాబాద్ మౌలాలిలో న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ మొదలైంది. భారజల రియాక్టర్ల ఇంధనం సన్నటి జిర్కోనియం గొట్టాల్లో ఉంటుంది. గొట్టాలు ఒకదానికొకటి తగలకుండా వాటి మీద చిన్న చిన్న పలకలు అతికించాలి. రియాక్టరు రూపకల్పన కెనడాది. కెనడా పలకలకు బెరీలియం పూత వేసి శూన్యంలో బ్రేజింగ్ చేస్తుంది. బెరీలియం దుమ్ము ఊపిరితిత్తులకు నయం కాని జబ్బు తెస్తుంది. హైదరాబాద్ వాళ్ళు ఆ దారి వదిలి, విద్యుత్ ప్రవాహంతో అతికే రెసిస్టెన్స్ వెల్డింగ్‌ను ఎంచుకుని సాధించారు. బెరీలియం గాలిలో కలిసే అవకాశమే లేకుండా పోయింది. గొప్ప పద్ధతి చేతిలో ఉన్నా పనివాళ్ళ ఊపిరి కోసం దాన్ని పక్కన పెట్టగలగడం నా లెక్కలో గొప్ప ఇంజనీరింగ్.

శ్రీహరికోటలో మాత్రం బ్రేజింగ్ లేకుండా పని జరగదు. మన క్రయోజెనిక్ ఇంజను గదిలో మంట మూడు వేల డిగ్రీల సెల్సియస్ పరిసరాల్లో ఉంటుంది, ఏ లోహమూ దాన్ని ఊరికే తట్టుకోలేదు. అందుకని గదికి రెండు గోడలు. లోపలిది వేడిని త్వరగా వదిలే రాగి మిశ్రమం, దాని వెనక సన్నటి కాలువలు చెక్కుతారు. బయటిది స్టీలు. రెండింటినీ శూన్య కొలిమిలో బ్రేజింగ్‌తో కలిపితే కాలువలు మూసుకుపోయి దారులవుతాయి. ఆ దారుల్లో మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్ పరిగెడుతూ గోడను చల్లబరిచి, తర్వాత తనే వెళ్ళి మండుతుంది. వెంట్రుక మందం అతుకుకి ఒక పక్క మంచు కంటే చలి, ఒక పక్క లోహం కరిగే వేడి. ఇలాంటి సీఈ-20 ఇంజను 2017 జూన్ 5న తొలిసారి ఎగిరింది. 2023 జూలై 14న చంద్రయాన్-3ని తీసుకెళ్ళిన రాకెట్ పై అంచెలోనూ అదే. హైదరాబాద్ ఎంటార్ కంపెనీ ఇస్రోకి ఇంజన్లు, విడిభాగాలు చేసి ఇస్తూ వచ్చింది. ఆ రెండుసార్లూ శ్రీహరికోట వైపు చూసిన తిరువళ్ళూరు మేడల మీది జనానికి కనిపించింది పొగ గీత. నేనైతే లోపల కాలువలన్నీ మూసి పట్టుకున్న ఆ పలుచని పొర గురించే ఆలోచిస్తాను.

ఇంత ఎదిగిన విద్యలో ఒక చిన్న పాఠం మన వీధికి ఇంకా రాలేదు. ఏసీ బిగించే మెకానిక్ రాగి గొట్టాల్ని ఫాస్ఫరస్ కలిపిన రాగి కడ్డీతో అతుకుతాడు. రాగి మీద రాగికి ఆ ఫాస్ఫరసే మందు పని చేస్తుంది, వేరే పూత అక్కర్లేదు. బయటి నుంచి అతుకు చక్కగా కనిపిస్తుంది. కానీ మంట తగిలిన చోట గొట్టం లోపల గాలి ఉంది, అది రాగిని నల్లటి పొలుసులుగా కాల్చేస్తుంది. కొత్త రకం నూనెలు, గ్యాసులు ఆ పొలుసుల్ని ఊడదీసి తీసుకెళ్ళి సన్నటి గొట్టంలోనో వాల్వులోనో అడ్డుపెడతాయి. కొన్నాళ్ళకి ఏసీ చల్లబరచదు, కంప్రెసరు పోతుంది. గ్యాసు అయిపోయిందని మళ్ళీ నింపిస్తాం.

దీనికి మందు ఒక నైట్రోజన్ సిలిండరు. మంట పెట్టేటప్పుడు గొట్టంలోంచి నిదానంగా నైట్రోజన్ పారిస్తే లోపలి గాలి బయటికి పోతుంది, లోపలి రాగి కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది. అంబత్తూరు కొలిమిలో జరిగేది ఇదే, చేతిలో పట్టుకునే పరిమాణంలో. ప్రతి ఐటీఐలో బ్రేజింగ్ కడ్డీతో పాటు నైట్రోజన్ పారించడం కూడా చేయించి చూపాలి, అతికిన గొట్టాన్ని నిలువునా కోసి లోపలి నలుపును పిల్లలకు చూపించాలి. ఒక్కసారి ఆ నలుపు కళ్ళారా చూసిన కుర్రాడు మళ్ళీ సిలిండరు మరిచిపోడు. ఈలోగా మీ ఇంట్లో ఏసీ బిగిస్తుంటే, గొట్టాలు అతికేముందు, "తమ్ముడూ, నైట్రోజన్ పెడుతున్నావా?" అని అడగండి. సిలిండరు తేవడానికి అదనంగా ఎంతో కొంత అడిగితే ఇచ్చేయండి.